పుష్కరం తేదీలో దాగిన భూపరిభ్రమణం

భోపాల్‌పట్నం ప్రాంతంలో, భద్రకాళి దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. బస్తర్‌లో తెలుగు వినిపించే ఊళ్లివి. గురుడు సింహరాశిలో అడుగుపెడితే ఆ గోదావరికి పుష్కరం. పన్నెండేళ్లకోసారి అంటాం కానీ, తేదీలు చూడండి. 1991లో ఆగస్టు 14న మొదలైంది, 2003లో జులై 30న, 2015లో జులై 14న. ప్రతిసారీ పక్షం రోజులు ముందే వచ్చేసింది.

గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి నిండా పన్నెండేళ్లు పట్టదు. పన్నెండేళ్లంటే 4,383 రోజులు, గురుడికి 4,332.59 రోజులు చాలు. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం మహాయుగమనే సుదీర్ఘ కాలానికి 157 కోట్ల 79 లక్షల 17 వేల 828 రోజులు కట్టి, అన్ని రోజుల్లో గురుడు 3,64,220 చుట్లు తిరుగుతాడంది. భాగిస్తే చుట్టుకు 4,332.32 రోజులు. పన్నెండేళ్ల ప్రయాణంలో ఆరున్నర గంటల తేడా! టెలిస్కోపు లేని రోజుల్లో, తరాల తరబడి కంటితో చూసి నిలబెట్టిన లెక్క ఇది.

అయితే పుష్కరం యాభై రోజులు ముందు రావాలి కదా, పదిహేను, పదహారు రోజులతో ఎందుకు సరిపెట్టుకుంటోంది? మన పాత గ్రహగణితం అసలు బలం ఇక్కడే తెలుస్తుంది. సిద్ధాంతులు ముందు సగటు నడకతో మధ్యమ గ్రహాన్ని కట్టేవారు. దానికి మందఫలం, శీఘ్రఫలం అనే రెండు సవరణలు చేస్తే స్ఫుట గ్రహం, అంటే ఆకాశంలో నిజంగా కనిపించే చోటు, తేలేది. గ్రహాలను కంటికి కనబడని శక్తులు వాయుపాశాలతో లాగుతున్నాయని సూర్యసిద్ధాంతం ఊహించింది. ఊహ నిలవలేదు, లెక్క నిలిచింది.

పుష్కరం రోజుల్లో గురుడు దాదాపు సూర్యుడికి అవతలి వైపు ఉంటాడు. సూర్యుడి నుంచి చూస్తే రోజుకు అయిదు కళలే (ఆర్క్ మినిట్లే) కదిలే గురుడు, భూమి నడక కూడా తోడవడంతో మనకు రోజుకు పదమూడు కళలు నడిచినట్టు కనిపిస్తాడు. దూరంగా ఉండటంవల్ల దాటాల్సిన అంతరమూ కాస్త తగ్గుతుంది. అందుకే యాభై రోజుల నడక పదిహేను, పదహారు రోజుల్లో తీరిపోతుంది. గురుడు అప్పుడప్పుడూ వక్రించడానికీ, అంటే వెనక్కి నడిచినట్టు కనిపించడానికీ, భూమి నడకే కారణం.

పూర్వులు భూమి కదలికను శీఘ్రఫలం కట్టే శీఘ్రవృత్తంలో పెట్టారు. సూర్యసిద్ధాంతం గురుడికిచ్చిన శీఘ్రపరిధి 360 డిగ్రీలకు 70 నుంచి 72. అంటే దాదాపు అయిదో వంతు. గురుడు భూమికన్నా 5.2 రెట్లు ఎక్కువ దూరంలో సూర్యుణ్ణి చుట్టివస్తున్నాడు. భూమి నిశ్చలమని నమ్ముతూనే భూకక్ష్య నిష్పత్తిని కొలిచారన్న మాట! ఖగోళ చరిత్రలో నన్ను ఇంతగా కదిలించిన సంగతి మరొకటి లేదు.

ఈ శాస్త్రం సంస్కృతంలోనే ఉండిపోలేదు. ఓరుగల్లును కాకతి రుద్రదేవుడు ఏలుతున్న కాలంలో, 1178 ప్రాంతంలో, మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు, సంస్కృతంలోనూ రాశాడు. టాలమీ నుంచి కోపర్నికస్‌కు ఒక్క గెంతు వేసే మన పాఠాల్లో ఆయన పేరు లేకపోవడం అన్యాయం.

1543లో కోపర్నికస్ సూర్యుణ్ణి మధ్యలో నిలిపాక శీఘ్రవృత్తం అవసరం తీరింది. 1609లో కెప్లర్ దీర్ఘవృత్తం, మందఫలం కట్టే మందవృత్తం పనినీ అందుకుంది. గ్రహాల దూరాల నిష్పత్తులు తేలాయి, మైళ్లు మాత్రం తేలలేదు. శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగే అరుదైన గంటల్లో, వేర్వేరు చోట్ల నుంచి చూసి సూర్యుడి దూరాన్ని కట్టేవారు.

అలాంటి రోజు 1874 డిసెంబరు 9. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో విశాఖపట్నంలో వేధశాల కట్టించారు. అక్కడి నుంచే ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆరంగుళాల టెలిస్కోపుతో శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు. ఆ వివరాలు లండన్ రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఇప్పటి లెక్కన దాదాపు 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. దాన్ని 5.2తో హెచ్చిస్తే సూర్యుడికి గురుడెంత దూరమో తెలుస్తుంది: సుమారు 78 కోట్ల కిలోమీటర్లు.