బడి బట్టలు, తల్లిదండ్రుల అభ్యంతరాలు: కృష్ణా డెల్టా చెప్పే పాఠం

బడుల్లో కొత్త డ్రెస్ నిబంధన వచ్చినప్పుడల్లా 'తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు' అనే మాట వినబడుతుంది. ఏ తల్లిదండ్రులు? ఏ వాడ వాళ్ళు? వాళ్ళ అభ్యంతరాన్ని ఎవరు రాసుకున్నారు, ఎవరు విన్నారు? ఈ ప్రశ్నలు వేసుకోకుండా బడి బట్టల చరిత్ర అర్థం కాదు. కృష్ణా డెల్టాలో ఈ చరిత్ర యూనిఫాం పుట్టకముందే మొదలైంది.

మన ఊళ్ళల్లో బట్ట ఎప్పుడూ ఒంటిని కప్పుకునే గుడ్డ మాత్రమే కాదు. పంచె మోకాలు దిగరాదు, భుజమ్మీద తువ్వాలు నడుముకి రావాలి, పెద్ద బజార్లో చెప్పులు చేతికి రావాలి. కాగితమ్మీద లేని ఈ నిబంధనలను తప్పినవాడికి శిక్ష మాత్రం ఖాయం. అసలు డ్రెస్ కోడ్ ఇదీ. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టిచ్చే కట్టు మానేసి తక్కిన ఆడవాళ్ళలాగే చీర కట్టుకోమన్నాడు. ఒంటిమీది కులం గుర్తు చెరిపేసుకోవడం కూడా పోరాటమేనని ఆయనకు తెలుసు.

ఇక బడి సంగతి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చాడు. 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. పై కులాల పిల్లలు మారితే కింది కులాలు వాళ్ళ వెంట వస్తాయని ఆయన లెక్క. అందుకని అంటరాని కులాల పిల్లలను చేర్చుకోలేదు. దేవుడి ముందు అందరూ సమానమని చెప్పడానికి వచ్చినవాడు కూడా బడి గడప దగ్గర కులానికి తలవంచాడు. 1852లో ఇద్దరు సవర్ణ విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని లాక్కుపోయారు. బడి ఖాళీ అయింది. డెల్టాలో తల్లిదండ్రుల అభ్యంతరానికి ఉన్న బలమేమిటో ఆ రోజే తేలిపోయింది. అయితే అది బలమున్న తల్లిదండ్రుల అభ్యంతరం.

సరిగ్గా నాలుగేళ్ళకి, 1856లో, ధార్వాడ్‌లో ఒక మహర్ కుర్రవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అడిగాడు. వాడొక్కడిని చేర్చుకుంటే మిగతావాళ్ళంతా మానేస్తారని బొంబాయి ప్రభుత్వం వాడికి తలుపు మూసింది. ఇక్కడ సవర్ణ తల్లిదండ్రులు నోరు విప్పాల్సిన పని కూడా లేకపోయింది. వాళ్ళు అభ్యంతరపెడతారన్న భయమే చట్టంగా పనిచేసింది. ఆ కుర్రవాడి తండ్రి అభ్యంతరం మాత్రం ఎవరికీ లెక్కలోకి రాలేదు.

1859లో రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య క్రైస్తవం తీసుకున్న తర్వాత కథ మలుపు తిరిగింది. బెజవాడ చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన జరిగే పాకే బడి అయింది. ఊరి బడి రానివ్వకపోతే వాడలోనే బడి లేచింది. శుభ్రమైన బట్ట కట్టుకుని పలక పట్టుకున్న మాల, మాదిగ పిల్లల్ని ఊరు చూడాల్సి వచ్చింది. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాజన సభ, పంచములన్న పేరు వదిలి ఆది ఆంధ్రులమని ప్రకటించుకుంది. బడులూ బావులూ కావాలని అడిగింది. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. గుడి మూసుకున్నా వాళ్ళ చూపు బడి మీదనే ఉంది.

ఈ నేపథ్యంలో చూస్తే యూనిఫాంకి రెండు మొహాలున్నాయి. ఒక మొహం సమానత్వం. కామందు కొడుకూ పాలేరు కొడుకూ ఒకే రంగు చొక్కా తొడుక్కుని ఒకే బెంచీ మీద కూర్చుంటే, చూసీ చూడంగానే కులం పోల్చుకోవడం కష్టమవుతుంది. ఒంటి బట్టతోనే బతికిన ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. రెండో మొహం వేరు. 1552లో లండన్‌లో పేద పిల్లల కోసం పెట్టిన క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో నీలం కోటు తొడిగేవారు. ధర్మానికి చదువుకునే పిల్లలని ఆ కోటు చెప్పేది. అంటే యూనిఫాం భేదాన్ని దాచగలదు, చాటనూగలదు. ఏది చేస్తుందన్నది ఆ బట్ట ఎవరు కొంటారు, ఆ బడికి ఎవరి పిల్లలు వస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కొనలేని తల్లిదండ్రుల అభ్యంతరం ఎట్లా ఉంటుంది? వాళ్ళు అర్జీ రాయరు, విలేకరుల్ని పిలవరు. నాట్లు, కోతలు లేని రోజుల్లో కూలిడబ్బులు చేతికి రావు. జూన్‌లో బడి తెరిచేసరికి చొక్కా, బూట్లు, బెల్టు అన్నీ ఒకేసారి అడుగుతారు. యూనిఫాం లేదని పిల్లని ప్రార్థనలో నిలబెడతారు. మర్నాడు ఆ పిల్ల రాదు. రిజిస్టర్లో అది 'గైర్హాజరు', తర్వాత 'డ్రాపవుట్'. సవర్ణ తండ్రి పిల్లవాణ్ణి మానిపిస్తే దాన్ని అభ్యంతరమన్నారు. కూలి తల్లి పిల్ల మానేస్తే తల్లికి చదువు విలువ తెలియదన్నారు. నూటయాభై ఏళ్ళుగా ఈ భాష మారలేదు.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. పిల్ల ప్రాథమిక విద్య పూర్తిచేయడానికి అడ్డుపడే ఏ ఖర్చునీ ఆ పిల్ల మీద వేయకూడదని దాని 3వ సెక్షన్ అంటుంది. యూనిఫాం దయ నుంచి హక్కుకి జరిగింది ఇక్కడే. 2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా కంకిపాడు మండలం పునాదిపాడులో జగనన్న విద్యా కానుక మొదలైంది. మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి, పుస్తకాలు 42 లక్షలకు పైగా పిల్లలకని ప్రభుత్వం ప్రకటించింది. 2024లో ప్రభుత్వం మారింది, పథకం పేరూ మారింది. హక్కుని 'కానుక' అన్నా ఇంకేమన్నా ఇచ్చేవాడి పేరే పైన కనబడుతుంది. పేరు సంగతి అట్లా ఉంచి మనం అడగాల్సినవి అడగాలి. గుడ్డ బడి తెరిచే రోజుకి అందిందా? కుట్టుకూలి చాలిందా? అందేదాకా పిల్లని పాత బట్టల్లో కూర్చోనిస్తున్నారా?

ఇదే విజయవాడలో 2022 ఫిబ్రవరిలో ఇంకో అభ్యంతరం వినబడింది. ఆంధ్రా లయోలా కాలేజీలో బురఖాతో వచ్చిన ముస్లిం విద్యార్థినుల్ని తరగతికి వెళ్ళకుండా ఆపారు. తల్లిదండ్రులూ, సమాజ పెద్దలూ వచ్చి అడిగారు, అధికారులు కల్పించుకున్నారు, అమ్మాయిల్ని లోపలికి పంపారు. కర్ణాటకలో అట్లా జరగలేదు. అక్కడి నిషేధాన్ని 2022 మార్చి 15న హైకోర్టు సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు రెండు దారులుగా తీర్పు చెప్పారు. ముసుగు మీద మనకెన్ని అభిప్రాయాలైనా ఉండొచ్చు. ఆడపిల్ల చదువుకీ బట్టకీ మధ్య ఒకటి ఎంచుకోమనే హక్కు గేటు దగ్గరివాడికి ఎవరిచ్చారన్నది అసలు ప్రశ్న. మహద్‌లో చీరకట్టు మార్చింది స్త్రీలే, తమ నిర్ణయంతోనే. ఒకరు బలవంతంగా విప్పించిన బట్టలో విముక్తి ఉండదు.

మరి అందరి అభ్యంతరమూ ఒకటేనా? కాదు. పక్కన దళిత పిల్ల కూర్చోకూడదనే అభ్యంతరం ఇంకొకరిని బయటికి నెట్టేది. మా పిల్లని లోపలికి రానివ్వమనే అభ్యంతరం తలుపు తెరిపించేది. రెంటికీ 'తల్లిదండ్రుల మనోభావాలు' అనే ఒకే చీటీ అతికించడం మోసం. ఇప్పుడు డబ్బున్న కులాలు సర్కారు బడిని వదిలి కార్పొరేట్ బడికి పోయాయి. నోబుల్ కాలంలో బడి ఖాళీ చేసినవాళ్ళ వారసులు ఈసారి గొడవ పడకుండానే ఖాళీ చేశారు. దాంతో ఒకే రంగు చొక్కాలు కులం కలిపిన బెంచీలకు గుర్తుగా నిలవలేదు. సర్కారు బడి యూనిఫాం మళ్ళీ వాడ గుర్తుగా మారే ప్రమాదం మన ముందుంది.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి. అందులో వెనుకబడినవాళ్ళకు దామాషా చోటుండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. డ్రెస్ నిబంధన ఏదైనా అక్కడ చర్చకి రావాలి. కూలి తల్లి చెప్పిన మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. ఉపాధ్యాయులు గైర్హాజరు పక్కన కారణం రాయాలి. కార్యకర్తలు ఆ కారణాల్ని పోగెయ్యాలి. అది జరిగిన రోజున 'తల్లిదండ్రుల అభ్యంతరం' అన్నమాటలోకి మన తల్లులూ తండ్రులూ కూడా వస్తారు.