సంతకానికి ముందు: క్లినికల్ అధ్యయనాల కబురు రోగికి చేరే దారి

ఒక ఆసుపత్రిలో క్లినికల్ అధ్యయనం జరుగుతోందని, అందులో చేరడానికి రోగులు కావాలని తెలుగు రాష్ట్రాలలో ఒక రోగికి తెలిసే దారి దాదాపు ఒక్కటే: తనను చూస్తున్న డాక్టరు చెప్పాలి. ఆయన చెప్పకపోతే ఆ అధ్యయనం ఉన్నా లేనట్టే. చెబితే, చెప్పింది డాక్టరు కాబట్టి కాదనడం కష్టం. తెలియక దూరమైపోవడం, తెలిశాక కాదనలేకపోవడం వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గాని రెండింటి మూలమూ ఒక్కటేనని ఈ వ్యాసం వాదన. అధ్యయనం గురించిన సమాచారం రోగి భాషలో, రోగి తిరిగే చోట, డాక్టరు గదిలో అడుగుపెట్టకముందే దొరకకపోవడమే ఆ మూలం. కబురు ఎవరికి అందింది, ఎవరి నోట అందింది, ఆలోచించుకోవడానికి ఎంత వ్యవధి దొరికింది అన్నవన్నీ సమ్మతిలో భాగాలే. మన చట్టపరమైన చర్చ మాత్రం చాలావరకు సంతకం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది.

వివరాలన్నీ బహిరంగంగానే ఉన్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. ఉన్న మాట నిజమే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2007 జులై 20న క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ప్రారంభమైంది. 2009 జూన్ 15 నుంచి ఔషధ ట్రయల్స్‌కు నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేసుకున్న అధ్యయనాలనే స్వీకరిస్తున్నారు. ప్రతి నమోదులోనూ జబ్బు, అర్హతలు, అనర్హతలు, అధ్యయనం జరిగే ఆసుపత్రులు, చేరికలు సాగుతున్నాయా ముగిశాయా అన్న సంగతి ఉంటాయి. ప్రజలు వివరాలడగడానికి ఒక వ్యక్తి పేరు, ఫోను నంబరు కూడా విడిగా ఇస్తారు. అయితే అదంతా ఇంగ్లిషులోనే, అదీ డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకునే ఇంగ్లిషులో. దీనికి కారణం రిజిస్ట్రీ పుట్టుకలోనే ఉంది. కంపెనీలు తమకు నచ్చని ఫలితాలను తొక్కిపెడుతున్నాయన్న ఆందోళనతో, నమోదు లేని ట్రయల్స్‌ను ప్రచురించబోమని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 2004లో ప్రకటించింది. మన రిజిస్ట్రీ ఆ ఒత్తిడికి కొనసాగింపు. పరిశోధకుల మీద నిఘా కోసం తెరిచిన ఖాతా పుస్తకం. అమెరికా రిజిస్ట్రీ కథ వేరు. ఎయిడ్స్ రోగులు, వారి తరఫున పోరాడిన ఉద్యమకారులు మందుల పరీక్షలు ఎక్కడ జరుగుతున్నాయో తమకు తెలియాలని పట్టుబట్టిన రోజులలో, 1988 నాటి చట్టం ఎయిడ్స్ ట్రయల్స్ సమాచార నిధిని ఏర్పాటు చేయించింది. 1997 చట్టం దాన్ని ఇతర ప్రాణాంతక వ్యాధులకూ విస్తరించగా, 2000లో అందరికీ అందుబాటులో ఉండే వెబ్‌సైటు వచ్చింది. అక్కడ రోగి అడిగితే తలుపు తెరుచుకుంది. ఇక్కడ తలుపు తెరిచే ఉంది గాని అటు వెళ్ళే దారి రోగికి ఎవరూ వేయలేదు.

రోగులు చేరకపోతే నష్టం పరిశోధకులదే కదా, వారి తిప్పలు వారు పడతారులే అనుకోవడానికి లేదు. బ్రిటన్‌లో 1994-2002 మధ్య ప్రభుత్వ నిధులతో జరిగిన 114 ట్రయల్స్‌ను తర్వాత పరిశీలిస్తే, మొదట అనుకున్న సంఖ్యలో రోగులను చేర్చుకోగలిగినవి 31 శాతమే. చాలినంత మంది లేని అధ్యయనం చాలాసార్లు ఏ జవాబూ చెప్పలేక ముగుస్తుంది. అప్పటికే చేరినవారు సూదిపోట్లు, రక్తపరీక్షలు, ప్రయాణాలు, కొంత ప్రమాదం భరించి ఉంటారు. వారు భరించిన దానికి అర్థం లేకుండా పోతుంది. చాలినంత మంది చేరితే ఏమవుతుందో చెప్పడానికి కోవిడ్ కాలపు ప్లాస్మా చికిత్స చాలు. కోలుకున్నవారి ప్లాస్మా కోసం కుటుంబాలు ఫోన్లు పట్టుకుని పరుగులు తీస్తున్న 2020 ఏప్రిల్-జులై నెలలలోనే, భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రులలో 464 మంది రోగులతో ట్రయల్ జరిపింది. 28 రోజులలో జబ్బు ముదరడం లేదా మరణం, ప్లాస్మా ఎక్కించిన వారిలో 19 శాతం, ఎక్కించని వారిలో 18 శాతం. 2021 మే నెలలో ప్లాస్మాను జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి తొలగించారు. ఏడాదిపాటు జనం నమ్మిన ఒక చికిత్స పనిచేయదని తేలడంలో ఆ 464 మంది పాత్ర ఉంది.

ఇంతవరకు చెప్పినదానికి తెలుగు పాఠకుడి మనసులో వెంటనే మెదిలే అభ్యంతరం ఖమ్మం. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి ప్రాజెక్టే నడిచింది. బాలికలలో చాలామంది గిరిజనులు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించాక, మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గట్టిగా ప్రశ్నించాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్లో ప్రధానోపాధ్యాయులో పెట్టిన సంతకాలు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. విదేశీ సంస్థ నడిపిన ప్రాజెక్టుకు జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చిహ్నం వాడడాన్నీ ఎత్తిచూపింది. ఈ చివరి అంశం మీద మన దగ్గర జరగవలసినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. ప్రభుత్వ చిహ్నం, ప్రభుత్వ బడి, ప్రభుత్వ సిబ్బంది ఒకచోట కనిపిస్తే తల్లిదండ్రులకు అది పల్స్ పోలియో వంటి కార్యక్రమమే. అది ఒక అధ్యయనమని, చేరకపోయినా ఏమీ కాదని తెలిసే అవకాశమే వారికి లేదు. కాబట్టి ఖమ్మం ఉదంతం ప్రకటన ఎక్కువైనందువల్ల వచ్చిన ముప్పుగా కనిపించదు. ప్రకటించవలసినదాన్ని ప్రకటించకుండా మరో వేషంలో జనంలోకి పంపినందువల్ల వచ్చిన ముప్పు అది.

ఆ తప్పు ఖరీదు ఖమ్మంతో తీరిపోలేదు. అదే టీకా రెండు డోసులు చాలునా, మూడు కావాలా అని తేల్చడానికి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దేశంలో పలుచోట్ల అప్పట్లో వేరే అధ్యయనం నడుపుతుండేది. లక్ష్యం 20 వేల మంది బాలికలు. ఖమ్మం గొడవతో హెచ్‌పీవీ టీకా ట్రయల్స్ అన్నింటినీ ఆపినప్పుడు ఇది కూడా ఆగింది. అప్పటికి టీకా అందుకున్న 17 వేల పైచిలుకు బాలికలలో 4,950 మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వారిని వదిలిపెట్టలేదు. ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. వైరస్ నుంచి ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని 2021లో ప్రచురించిన పదేళ్ళ ఫలితాలు చూపాయి. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు విధానాన్ని అంగీకరించడానికి ఆధారమైన అధ్యయనాలలో ఇదీ ఒకటి. కీడులో మేలు అని సంబరపడేవారున్నారు గాని నాకు అందులో సంబరం కనిపించదు. యాదృచ్ఛిక ఎంపికతో తేలవలసిన ప్రశ్నకు అర్ధంతరంగా ఆగిన అధ్యయనం నుంచి జవాబు ఏరుకోవలసి వచ్చింది, ఏళ్ళు గడిచాయి. ఒకచోట దొంగదారిన తీసుకున్న సమ్మతి, మరోచోట చేరినవారి త్యాగాన్ని కూడా దెబ్బతీసింది.

ఇప్పుడు సమ్మతి పత్రం దగ్గరికి వద్దాం. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఆ పత్రంలో రోగి పుట్టిన తేదీ, చదువు, వృత్తి, వార్షికాదాయం రాయాలి. నామినీ పేరు, ఆ నామినీ రోగికి ఏమవుతారో కూడా రాయాలి. పరిశోధనలో ఉన్న మందు ఆశించిన ఫలితం ఇవ్వకపోవచ్చునని, ఉత్తుత్తి మందు ఇచ్చే ట్రయల్ అయితే దాని వల్ల జబ్బు తగ్గదని స్పష్టంగా చెప్పాలి. పూర్తిచేసిన పత్రం ప్రతి ఒకటి రోగికి ఇవ్వాలి. చదవలేని రోగికి సంబంధం లేని సాక్షి ఉండాలి. బలహీన స్థితిలో ఉన్నవారిని కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో చేర్చుకునేటప్పుడు వీడియో తీయాలి. కాగితం మీద ఇంతకన్నా అడగడానికి పెద్దగా లేదు. కాని ఈ పత్రం రోగి చేతికి ఎప్పుడు వస్తుంది? తెల్లవారుజామున ఊళ్ళో బస్సెక్కి, ఓపీ చీటీ రాయించుకుని, వరుసలో గంటలు నిలబడి, డాక్టరు ముందు కూర్చున్న కొద్ది నిమిషాలలో. ఆదాయం, నామినీ గళ్ళు చూసినవాడికి అది బీమా కాగితంలానో ఆరోగ్యశ్రీ దరఖాస్తులానో అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ‘మీరెలా చెబితే అలా సార్’ అన్న మాట అక్కడ పుడుతుంది. పరిశోధనను తనకోసమే ఎంచిన చికిత్సగా రోగి భావించడాన్ని 1982లోనే ఆపెల్‌బామ్, రోత్, లిడ్జ్ అనే పరిశోధకులు గుర్తించి వివరించారు. అమెరికా రోగులలో వారు చూసిన ఆ భ్రమ, డాక్టరును దేవుడితో సమానంగా చూసే చోట ఇంకెంత బలంగా ఉంటుందో ఊహించవచ్చు. ఆ భ్రమను తొలగించవలసిన సమాచారం అదే డాక్టరు నుంచి, అదే కుర్చీలో, అదే క్షణంలో అందడం దాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు.

తెలుగులో బహిరంగంగా ప్రకటిస్తే పేదలకు ఎరవేసినట్టు కాదా అన్న ప్రశ్న తేలికైనది కాదు. ఉచితంగా పరీక్షలు, మందులు అంటే, ఆరోగ్యశ్రీ వర్తించని జబ్బుతో అప్పులపాలైన కుటుంబానికి అది ఎంపికలా కనిపించదు, గత్యంతరంలా కనిపిస్తుంది. అయితే గోప్యత ఈ ఎరను తొలగించలేదు. 2011లో పిడుగురాళ్ళకు చెందిన పేద మహిళలను మందుల పరీక్షల కోసం హైదరాబాదుకు తీసుకుపోయిన ఉదంతం బయటపడింది. వారు డబ్బు కోసం వెళ్ళినవారు, ఆసుపత్రి అధ్యయనాలలో చేరే రోగుల సంగతి వేరు. ఆ తేడా మరవకూడదు. కాని అక్కడ నడిచింది మధ్యవర్తుల నోటిమాట. ఎవరైనా చదివి ప్రశ్నించగల ప్రకటన అక్కడ లేదు. దళారీకి చీకటి కావాలి. పైగా, పేదలు పాల్గొన్న పరిశోధనంతా దోపిడీయే అనడానికి చరిత్ర ఒప్పుకోదు. 1956లో మద్రాసులో 193 మంది క్షయ రోగులలో కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటిదగ్గరే మందులిచ్చి చూశారు. ఇరుకిళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవారికీ ఇంటి చికిత్స అంతే బాగా పనిచేసిందని తేలి, క్షయ చికిత్స ప్రపంచవ్యాప్తంగా శానటోరియం గోడలు దాటింది. శానటోరియంలో మంచం దొరకనివారి ప్రశ్నకే అది జవాబు వెతికింది. ఒక అధ్యయనం ఎవరి ప్రశ్నకు జవాబు వెతుకుతున్నదో బాహాటంగా చెప్పినప్పుడే ఇలాంటి తేడా జనానికి తెలుస్తుంది.

అర్హత నిబంధనలు సాంకేతికమైనవి, రోగికి ఏది తగునో డాక్టరుకే తెలుసునన్నది వైద్యుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం. అర్హత తేల్చే పని రోగిది కాదు, ఒప్పుకుంటాను. రోగికి కావలసింది అడగడానికి సరిపడా సమాచారం. అదీగాక కంపెనీలు డబ్బు పెట్టి చేయించే చాలా ట్రయల్స్‌లో చేరిన రోగుల సంఖ్యను బట్టి ఆసుపత్రికి, పరిశోధకుడికి సొమ్ము అందుతుంది. ఇందులో అక్రమమేమీ లేదు, పనికి ప్రతిఫలం ఉండాలి. కాని తూకం పట్టే చేతికి సొంత లెక్క ఒకటి ఉన్నప్పుడు, రోగికి మరో చోటి నుంచి కూడా మాట వినిపించాలి. అత్యవసర వైద్యానికి నా వాదన వర్తించదని కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన రికవరీ ట్రయల్ వార్డులలో డాక్టర్ల ద్వారానే వేలమంది కోవిడ్ రోగులను చేర్చుకుని, జూన్ నాటికే డెక్సామెథసోన్ అనే మందు వెంటిలేటర్ మీదున్న వారి మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని చూపింది. ఊపిరాడని మనిషి నోటీసు బోర్డు చదవడు. నేను మాట్లాడుతున్నది క్యాన్సర్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివాటి గురించి. ఆ రోగులు నెలల తరబడి అదే ఆసుపత్రికి వస్తూపోతూ ఉంటారు. వారం ఆగి ఆలోచించుకోవడం వారికి సాధ్యం.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. రోగుల చేరిక కోసం వాడే ప్రతి ప్రకటననూ, అధ్యయనాలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ పరిశీలించాలన్నది ఇప్పటికే ఉన్న పద్ధతి. 2019 నియమాల ప్రకారం ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆసుపత్రికి బయటివారై ఉండాలి. తెలుగు ప్రకటన లేనిదే అధ్యయనానికి అనుమతి ఇవ్వబోమని కమిటీ అనగలదు. ఆ ప్రకటన ఒక పేజీ దాటనక్కరలేదు. ఏ జబ్బుకు, ఎవరి డబ్బుతో, ఎంతకాలం; చేరితే ఏ మందు వస్తుందో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారని; చేరకపోతే ఇప్పటి వైద్యం ఇలాగే సాగుతుందని; ఏదైనా జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో; డాక్టరును కాకుండా ఇంకెవరిని అడగవచ్చో. ఉచితం అన్న మాట పెద్ద అక్షరాలలో ఉండకూడదు. ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గర, మందులిచ్చే చోట అతికించాలి. ఆశా కార్యకర్తలకు, ఆరోగ్యమిత్రలకు, హాస్టల్ వార్డెన్లకు మాత్రం ఈ పని అప్పగించకూడదు. వారి మాటకు ప్రభుత్వం మాట అన్న బరువు ఉంటుంది. చేరికలు ముగిసిన రోజున ఆ కాగితం తీసేసి, ఫలితం వచ్చాక అదే గోడ మీద దాన్నీ తెలుగులోనే పెట్టాలి, మందు పనిచేయలేదని తేలినా సరే.