బాలానగర్‌లో వసంతం

1999 ఫిబ్రవరి. పంచాంగం లెక్కన ఇంకా వసంతం రాలేదు. బహుధాన్య నామ సంవత్సరం ముగింపుకొచ్చింది, ప్రమాది ఉగాది మార్చి 18న. హైదరాబాద్ మాత్రం అంతవరకు ఆగలేదు. మామిళ్లు పూతకొచ్చాయి. రావిచెట్లకు రాగిరంగు చిగురు మొలుస్తోంది. ఊరి శివార్లలో మోదుగలు ఆకు రాల్చి ఎర్రటి మొగ్గ తొడుగుతున్నాయి. నాంపల్లిలో నుమాయిష్ ఆఖరి రోజులు గనక జనం విరగబడుతున్నారు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద చల్లగాలి, నీళ్ల మధ్య బుద్ధుడు, ఇంటికి వెళ్లబుద్ధి కాని జంటలు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమై నాలుగు నెలలైనా కాలేదు. కొత్త శకం మొదలైందని నగరమంతా ఒకటే మాట.

బాలానగర్‌లో చెట్లను చూసే తీరిక ఎవరికీ లేదు. అది లేత్ మిషన్ల పేట. షెడ్డు పక్కన షెడ్డు, గుమ్మాల ముందు ఇనప రజను, కటింగ్ ఆయిల్ వాసన, పొద్దుట్నుంచీ గీరుకునే చప్పుడు. అలాంటి ఒక చోట రోజుకూలీకి వచ్చిన యువకుడొకడు చేస్తున్న పని ఆపి నిలబడిపోయాడు.

ఎదురుగా ఒక యంత్రం నడుస్తోంది. దాన్ని చేసినవాళ్లు ఏ పని కోసం చేశారన్నది అతనికి పట్టలేదు. అందులో ఒక భాగం కదులుతున్న తీరు మీదే చూపు నిలిచింది. తిరుగుతుంది, ఒక పక్కకు జరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది. రెండేళ్లుగా అతని యంత్రానికి తక్కువైంది ఆ ఒక్క కదలికే.

ఆ యువకుడు చింతకింది మల్లేశం. సొంతూరు శారాజిపేట, ఆలేరు మండలం, అప్పటి నల్లగొండ జిల్లా. చేనేత ఇల్లు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేత నేర్చుకున్నవాడు. అతను కుస్తీ పడుతున్నది వాళ్లమ్మ లక్ష్మి చేసే పనిని యంత్రంతో చేయించడానికి. ఆ పని పేరు ఆసు పోయడం.

పోచంపల్లి చిటికి (ఇక్కత్) చీర తెలిసినవాళ్లకు కూడా ఆసు తెలిసి ఉండకపోవచ్చు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పోచంపల్లి చీరలో పువ్వు, చిలుక, ఏనుగు మగ్గం మీద పుట్టవు. దారంలోనే పుడతాయి. నేయడానికి ముందే దారాన్ని కట్టలుగా పేర్చి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచుతారు. అలా ముంచిన దారం పేకగా వచ్చి సరైన చోట పడితేనే బొమ్మ తేలుతుంది. ఒక్క వరస అటూ ఇటూ అయితే చిలుక ముక్కు చెదిరిపోతుంది. ఆ దారాన్ని వరస తప్పకుండా పేర్చి ఇచ్చేదే ఆసు.

ఆసు ఒక కొయ్య చట్రం. ఒక కొసన ఒక్క మేకు. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా చాలా మేకులు. దారాన్ని చేత్తో పట్టుకుని ఒంటి మేకు నుంచి ఎదురు మేకుకు తీసుకెళ్లాలి, చుట్టాలి, వెనక్కి తేవాలి. చెప్పిన లెక్క పూర్తయ్యాక పక్క మేకు. రెండు కొసల మధ్య దూరం ఒక మీటరు. ఒక చీరకు సరిపడా ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా తిరగాలి. నాలుగైదు గంటల పని. మగ్గం ఆగకూడదంటే రోజుకు రెండు చీరల దారం కావాలి. అంటే 18,000 సార్లు. ఈ పని ఇంట్లో ఆడవాళ్లది. వంట, నీళ్లు, పిల్లల సంగతి చూసుకుంటూనే దీనికి కూర్చోవాలి.

లక్ష్మికి భుజం కీలు నొప్పి. రాత్రిళ్లు చెయ్యి పైకి లేచేది కాదు. ఇక ఈ పని తన వల్ల కాదని, పిల్లలు వేరే బతుకుతెరువు చూసుకోవాలని ఆమె అనేది. అలా అన్న తల్లే మర్నాడు పొద్దున మళ్లీ చట్రం ముందు కూర్చునేది, ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది కాబట్టి.

ఈ కథను నేను లేపాక్షిలో కూర్చుని రాస్తున్నాను. వీరభద్రాలయం లతామండపంలో స్తంభాల మీద చెక్కిన అల్లికలను చూసిన ప్రతిసారీ నాకు శారాజిపేట గుర్తొస్తుంది. ఒక స్తంభానికి ఒక్కో ముఖం మీద ఒక్కో నమూనా. పదహారో శతాబ్దంలో అచ్యుత దేవరాయల కాలాన విరూపణ్ణ కట్టించిన గుడి ఇది. నాట్యమండపం పైకప్పు చిత్రాల్లో స్త్రీలు కట్టిన చీరలు చూడండి: చారలు, గళ్లు, పువ్వులు, అంచులు, ఒకదానికొకటి పోలిక లేదు. ఇక్కడి నమూనాలు ధర్మవరం పట్టు అంచుల్లోకి వెళ్లి లేపాక్షి డిజైన్ల పేరుతో పెళ్లిపందిళ్లు ఎక్కాయి. ఆ చీరలన్నిటికీ దారం సిద్ధం చేసిన భుజం మాత్రం గుడిలో ఏ గోడ మీదా లేదు. చిత్రకారుడికి బట్ట అందం కనిపించింది. మనకూ అదే కనిపిస్తుంది. మల్లేశానికి భుజం కనిపించింది. ఆయన కథలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఈ చూపే. యంత్రం దాని తర్వాత వచ్చింది.

ధర్మవరం పట్టుకు సాధారణంగా ఆసు అక్కర్లేదు, అది చిటికి నేత కాదు. కానీ అక్కడా పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికే చేతులున్నాయి. వేల పోగులు, పోగుకొక ముడి. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతు నుంచి చీర మడత పెట్టే దుకాణం వరకు ఎన్ని చేతులు మారుతుందో, అందులో ఎన్ని నొప్పులు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్నాయో ఆలోచిస్తే మనసు కుదురుగా ఉండదు. వాన లేని మా అనంతపురం సీమలో చేను ఎండితే ఆదుకునేది మగ్గమే. ఆ మగ్గం వెనక ఉన్న ఆడమనిషి చెయ్యి కూడా ఎండిపోతే ఇక ఆదుకునేది ఏముంది?

1992లో మల్లేశం పని మొదలుపెట్టాడు. చేతిలో డ్రాయింగు లేదు, చెప్పే గురువు లేడు. చూసి చేద్దామంటే ఆసు పోసే యంత్రం ముందుగా ఎక్కడా లేదు. ఉన్నది అమ్మ చెయ్యి. అది ఎలా కదులుతుందో చూసి ముక్కలు ముక్కలుగా విడదీశాడు. ముందుకు వెళ్లడం ఒకటి, వెనక్కి రావడం ఒకటి. మేకు చుట్టూ తిరగడం ఇంకొకటి. లెక్క చూసుకుని పక్క మేకుకు జరగడం మరొకటి. మనిషి చెయ్యి వీటన్నిటినీ ఆలోచించకుండా ఒకే ఊపులో చేసేస్తుంది. ఇనుముకు ఆ ఊపు తెలియదు, ఒక్కో కదలికనూ విడిగా నేర్పాలి.

డబ్బు చేతికొచ్చినప్పుడు ఒక ముక్క, అయిపోతే విరామం. నేత కూలీలో మిగిలిందీ, అప్పు తెచ్చిందీ చట్రంలోకే పోయింది. పూట గడవని ఇంట్లో ఇనప సామాను పోగేస్తే ఊరు ఊరుకుంటుందా? పిచ్చోడన్నారు. పనికిరాని పనికి ఇల్లు గుల్ల చేస్తున్నాడన్నారు. ఆ మాటలన్నవాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు నాకు. వాళ్ల ఇళ్లలోనూ ఆసు ఉంది, వాళ్లకూ అప్పులున్నాయి. ఎప్పుడో వచ్చే యంత్రం కోసం ఈ పూట గింజలు వదులుకోవడం ఎవరికైనా భయమే. ఆ భయాన్ని ఇంట్లో పెట్టుకుని కూడా భార్య అతని పక్కన నిలబడింది.

1997కల్లా యంత్రంలో చాలా భాగం సిద్ధమైంది. దారం ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది. మేకు దగ్గర మాత్రం పని కుదరడం లేదు. దారాన్ని మేకు మీదుగా తిప్పి వరస చెదరకుండా పక్కకు జరిపే ఆఖరి కదలిక ఎంతకీ చిక్కలేదు. అక్కడ తేడా వస్తే మిగతాదంతా వృథా. ఊళ్లో అప్పులు మెడ మీదికి వచ్చాయి. భార్యాభర్తలు హైదరాబాద్ బస్సెక్కారు.

చాలామంది కథ ఇక్కడ ముగిసిపోతుంది. పట్నం వెళ్లినవాడికి అద్దె, కూలి, బస్సు చార్జీ తప్ప ఇంకేదీ గుర్తుండదు. మల్లేశం పగలు కూలికి వెళ్తూనే, వచ్చినదాంట్లో కొంత యంత్రం విడిభాగాలకు తీస్తూ రెండేళ్లు గడిపాడు. వాయిదా వేయడానికి మంచి కారణాలు చేతినిండా ఉన్నా వాయిదా వేయకపోవడం చాలా కష్టం. ప్రయోగశాలలో, జీతం మీద, నలుగురి ప్రోత్సాహంతో చేసే పరిశోధన ఒక రకం. కూలి పని నుంచి ఒళ్లు హూనమై వచ్చి, అన్నం తిని, మళ్లీ అదే మేకు గురించి ఆలోచించడం ఇంకో రకం. ఈ రెండోదాని మీద నాకు గౌరవం ఎక్కువ. దాచుకోను.

హైదరాబాద్ వసంతాన్ని నాబోటి అనంతపురం మనిషి చూస్తే కళ్లు చెదురుతాయి. మా దగ్గర ఆ వేళకు బావులు అడుగంటి, చెరువు నెర్రెలిచ్చి, గాలి వేడెక్కడం మొదలవుతుంది. అక్కడ చలి పోయీ పోకుండా, ఎండ వచ్చీ రాకుండా ఓ నెల రోజులు నడుస్తాయి. పబ్లిక్ గార్డెన్స్‌లో గడ్డి మీద పగలంతా కూర్చోవచ్చు. ఇరానీ హోటల్ గుమ్మంలో చాయ్ సాసరులో పోసుకుని ఎంతసేపైనా నిలబడవచ్చు. నగరాన్ని ప్రేమించడానికి అదే సరైన కాలం. అయితే నగరం ఇచ్చేది పూలూ చల్లగాలే కాదు. పల్లెలో ఒక్క మనిషికి ఒక్క పనే కళ్లముందు ఉంటుంది. పట్నంలో వంద పనులు పక్కపక్కనే నడుస్తుంటాయి. బాలానగర్ లాంటి పేటలో అచ్చులు పోసేవాళ్లు, గేర్లు కోసేవాళ్లు, స్ప్రింగులు చుట్టేవాళ్లు ఒకే వీధిలో ఉంటారు. పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ కూడా 1968 నుంచీ అక్కడే ఉంది. ఒకరి సమస్యకు జవాబు ఇంకెవరి షెడ్డులోనో అప్పటికే తిరుగుతూ ఉండవచ్చు. కాకపోతే దాని ముందు ఆగడానికి ఆ ప్రశ్న మనసులో మోసుకుంటూ రావాలి.

మల్లేశం ఆగాడు. ఆ యంత్రాన్ని చాలాసేపు చూశాడు. ఆ భాగం ఎక్కడ మొదలై, ఎక్కడ ఆగి, దేని ఆధారంతో జరుగుతోందో మనసులో కట్టుకున్నాడు. ఆ రోజు కూలి వదులుకున్నాడు. చూసిన కదలికకు తగిన భాగాన్ని వర్క్‌షాపులో చేయించుకుని ఊరికి బయల్దేరాడు.

శారాజిపేటలో ఏడేళ్లుగా ఇంటిని పిండేసిన చట్రానికి కొత్త ముక్క బిగిసింది. దారం ఒంటి మేకు దాటి ఎదురు మేకు దాకా వెళ్లింది, చుట్టుకుంది, వెనక్కొచ్చింది. లెక్క పూర్తి కాగానే పక్క మేకుకు జరిగింది. తర్వాతి మేకుకూ జరిగింది. వరస చెదరలేదు.

నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరలో పూర్తయింది. చెయ్యి ఊపే పనే లేదు. దారం అందించి, తెగితే ముడివేసి, చూసుకుంటే చాలు. రోజుకు రెండు చీరల దగ్గర ఆగిపోయే ఇంట్లో ఆరేడు చీరలకు ఆసు పోయవచ్చు. యంత్రానికి మల్లేశం తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం.

యంత్రమంటే చేతివృత్తికి శత్రువని మనలో చాలామందికి భయం. కారణం లేకపోలేదు, మరమగ్గం చేసిన నష్టం కళ్లారా చూసినవాళ్లం. ఫ్రాన్సులోని లియాన్‌లో 1804 ప్రాంతంలో జకార్డ్ తన యంత్రం తెచ్చినప్పుడూ నేతగాళ్లు భగ్గుమన్నారు. ఇవాళ ధర్మవరంలో అదే జకార్డ్ చేనేత మగ్గం నెత్తిన కూర్చుని అంచు బొమ్మలు తేల్చడంలో సాయపడుతోంది. ఏ యంత్రం వృత్తిని మింగుతుంది, ఏది మోస్తుందన్నది అది ఎవరి చేతిలో ఉంది, మనిషి చేసే ఏ పనిని తీసుకుంటుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. లక్ష్మీ ఆసు నేతను ముట్టుకోలేదు. మగ్గం చేతిదే, చిటికి కట్టేదీ చేతులే, నేతగాడి నేర్పు అలాగే ఉంది. పోయింది భుజం నొప్పి ఒక్కటే.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి పట్టుకునే పల్లెసృజన సంస్థ, దాన్ని నడిపిన విశ్రాంత బ్రిగేడియర్ గణేశం ఆయన పనిని వెలుగులోకి తెచ్చారు. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ గుర్తించి గౌరవించింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ సినిమా వచ్చింది, ప్రియదర్శి ఆయన పాత్ర చేశారు. వందల యంత్రాలు నేత ఇళ్లకు చేరాయి.

మొదటి యంత్రం నడిచాక ఆయన విశ్రాంతి తీసుకుని ఉండవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. తీసుకోలేదు. డిజైను మారినప్పుడల్లా లెక్కలు మార్చుకోవడం తేలిక కావాలని ఎలక్ట్రానిక్స్ వైపు మళ్లారు. బడి మధ్యలో మానేసిన మనిషి మైక్రోకంట్రోలర్ల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. యంత్రంలో ఒక్కో భాగాన్నీ మళ్లీ మార్చారు.