ఎగువ ఊరు – దిగువ ఊరు

హనుమకొండలో ఇల్లు, వరంగల్లులో కొలువు గల గృహస్థు ప్రతిదినము ఉదయమున ఒక జిల్లాను విడిచి మరియొక జిల్లాలో ప్రవేశించుచున్నాడు. ఆ సంగతి అతనికి తట్టదు. దారిలో పొలిమేర రాయి లేదు. వీధి వెంట వీధి, అంగడి వెంట అంగడి సాగిపోవుచునే యుండును. నగరమునకు పాలకసంస్థ ఒక్కటే. జిల్లాలు మాత్రము రెండు. అతడు త్రాగు నీరు ఎన్నో ఊళ్ల మీదుగా వచ్చినది. అతని ఇంటి మురుగు మరికొన్ని ఊళ్ల మీదుగా పోవుచున్నది. అతడు పీల్చు గాలిలో ఎవరి పొయ్యి పొగ, ఎవరి బండి పొగ కలిసియున్నదో చెప్పగలవారు లేరు.

ఇరుగుపొరుగున నున్న ఊళ్లు, పట్టణములు తమ ఉమ్మడి వ్యవహారములను కలిసి చక్కబెట్టుకొనుట ఎట్లు? ఈ ప్రశ్న నేడు ప్రపంచమంతటను చర్చకు వచ్చుచున్నది. ఇది యంత్రయుగము తెచ్చిపెట్టిన క్రొత్త చిక్కని కొందరు తలచుచున్నారు. ఓరుగల్లు చరిత్రను పరికించినచో ఇది ఎనిమిదివందల ఏండ్లకు పైబడిన ప్రశ్నయని తెలియును. ఆ చరిత్రనే మేము ఈ ప్రసంగమున క్లుప్తముగ వివరింపదలచినాము.

ఓరుగల్లు చుట్టునున్నది మెట్టసీమ. గోదావరి దూరము, వానకాలపు వాగులే సేద్యమునకు ఆధారము. కురిసిన నాలుగు నెలల వానను పండ్రెండు నెలలకు దాచుకొననిదే ఇచట బ్రతుకు లేదు. కాకతీయ ప్రభువులు ఈ సంగతిని గుర్తించిరి. మొదటి ప్రోలరాజు కేసరితటాకమును త్రవ్వించెను. గణపతిదేవుని పాలనలో, అనగా 1199 మొదలు 1262 వరకు గల కాలములో, రాజబంధువులు, మంత్రులు, సామంతులు పోటీపడి చెరువులు కట్టించిరి. పాఖాల, రామప్ప, లక్నవరము, ఘనపురము చెరువులు కాకతీయుల నాటివే. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున కట్టించిన చెరువునకు ధర్మకీర్తిసముద్రమని పేరు. 1213లో వెలసిన రామప్పగుడికి 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. గుడిని చూడబోవువారు చెరువు కట్ట మీదికి కూడ పోయి నిలువవలెనని మా మనవి. ఆ శిల్పమును పోషించిన అన్నము ఆ నీటినుండియే పుట్టినది.

ఈ పెద్ద చెరువుల మాట అందరు ఎరిగినదే. మన ప్రస్తుత విషయమునకు అంతకంటె ముఖ్యమైనవి ఊరూర నున్న చిన్న చెరువులు. వీనిని గొలుసుకట్టు చెరువులందురు. పల్లమును బట్టి ఒకదాని క్రింద ఒకటిగ ఇవి అమరియుండును. ఎగువ చెరువు నిండి మత్తడి దూకగా, ఆ నీరు వాగు పట్టి దిగువ చెరువును చేరును. అది నిండి మత్తడి పోయగా దానికి దిగువనున్నది నిండును. ఒక చెరువు ఒక ఊరిది కావచ్చును. గొలుసు మాత్రము ఏ ఒక్క ఊరిదియు కాదు.

ఇందలి చిక్కును గ్రహించుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. మత్తడిని జానెడు ఎత్తు పెంచిరనుకొందము. ఆ ఊరికి నీరు పెరుగును. కాని చెరువు వెనుక భాగమున, ఎగువ ఊరివారి పొలములు మునుగును. దిగువ ఊరివారికి నీరు ఆలస్యముగ అందును, లేదా అందకయే పోవును. మత్తడిని జానెడు తగ్గించినచో ఆ ఊరి ఆయకట్టే ఎండును. కనుక జానెడు రాయి మూడు ఊళ్ల తగవు. అట్లే ఎగువవారు కట్టను బాగుచేయక గండి పడనిచ్చినచో, ఆ గండి నీటి తాకిడికి దిగువ కట్టలు ఒకదాని వెంట ఒకటి తెగును. ఒకరి సోమరితనము పదిమందికి ముప్పు.

అందుచేతనే చెరువు చుట్టు కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. తూము ఎత్తి మడిమడికి నీరు పంచుటకు ఊర నీరటి యుండెడివాడు. చెరువును త్రవ్వించినవారికి, బాగుచేసినవారికి దాని ఫలములో భాగమిచ్చు దశబంధమను ఏర్పాటు మన శాసనములలో కనబడును; పదవ వంతు అను అర్థము ఆ పేరులోనే కలదు. ఒకరు పూనుకొని చేసిన పనివలన పలువురు లాభపడునపుడు, చేసినవానికి ప్రతిఫలము ముట్టవలెనను నీతి దానియందు ఇమిడియున్నది.

ఆ కాలమును స్వర్ణయుగమని పొగడుట మా ఉద్దేశము కాదు. నీటి తగవులు నాడును కలవు. నీరటి పని సాధారణముగ అణగద్రొక్కబడిన కులములవారి పాలబడినది. పంటలో వారికి దక్కిన భాగము స్వల్పము. ఊళ్ల తగవు తెగనప్పుడు పైనున్న నాయకుని మాటయే చెల్లెడిది. అయినను ఒక్క విషయము ఒప్పుకొనక తప్పదు. ఎగువవాడు దిగువవానికి బాధ్యుడను భావము నాటి నేలలోనే కట్టబడియుండెను. మత్తడి రాయి దానికి సాక్షి.

కాలము మారినది. 1323లో కాకతీయ రాజ్యము అంతరించినది. 19వ శతాబ్దపు చివర రైలుబండి ఈ సీమకు వచ్చినది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గము పూర్తియగుటతో మద్రాసు నుండి ఢిల్లీ పోవు బండ్లకు ఇది ముఖ్యమైన కూడలి అయినది. 1934లో ఆజంజాహి మిల్లు వెలసినది. వేలాది కుటుంబములకు బువ్వ పెట్టి, తుదకు అదియు మూతపడినది. కోటను అంటిపెట్టుకొనిన వరంగల్లు, గుట్టల నడుమనున్న హనుమకొండ, రైలుపట్టాల ఊరు కాజీపేట క్రమముగ ఒకదానితో ఒకటి కలిసిపోయినవి. నేడు జనులు వీనిని ముచ్చటగా ట్రైసిటీ అనుచున్నారు.

చెరువుల పెత్తనము కూడ చేతులు మారినది. కట్ట బాధ్యత ఒక శాఖది, శిఖము భూమి లెక్క వేరొక శాఖది, చేపల వేలము ఇంకొక శాఖది అయినది. 1959లో పంచాయతీరాజ్యము వచ్చినపుడు ఊరికి పంచాయతి, కొన్ని ఊళ్లకు కలిపి సమితి, జిల్లాకు పరిషత్తు ఏర్పడినవి. పట్టణమునకు పురపాలక సంఘము వేరు. ఇవి అన్నియు ప్రజల సంస్థలే. కాని ఒక్కొక్కటి తన గీత లోపలనే చూచుకొనుటకు అలవాటుపడినవి. గొలుసులోని చెరువులు పలువురి చేతులలో పడగా, గొలుసును చూచువారు కరవైరి. పట్టణము పెరుగుకొలది శిఖము భూమి ఇండ్ల స్థలమువలె కనబడసాగినది. మత్తడి వాగు సన్నబడి మురుగునాలా అయినది.

నగరము ఒంటరిగా బ్రతుకుచున్నదా యనగా అదియు లేదు. 1963 జూలైలో పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. నేడు దానిని శ్రీరామసాగరమందుము. అచటినుండి బయలుదేరు కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. ఆ కాలువ నీరు ధర్మసాగరము, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులను చేరి వరంగల్లు ప్రజల దాహము తీర్చుచున్నది. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగరము సీమల మీదుగా వచ్చు నీటిని మనము కుళాయి త్రిప్పి పట్టుకొనుచున్నాము. దారిలోనివారందరు ఎవరి వాటా వారు ఉంచుకొని, తక్కినది విడువబట్టియే అది మన కడవలో పడుచున్నది.

ఉమ్మడి చిక్కులకు ప్రభుత్వములు సాధారణముగ ఎన్నుకొను మార్గము విలీనము. 1980ల తొలినాళ్లలో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1994లో వరంగల్లు పురపాలక సంఘము నగరపాలక సంస్థ అయినది. 2015లో చుట్టుప్రక్కల 42 గ్రామపంచాయతీలను కలుపుకొని మహానగరమై, సుమారు 407 చదరపు కిలోమీటర్లకు వ్యాపించినది. విలీనమువలన మేలు లేకపోలేదు. రోడ్డు, దీపము, కుళాయి ఒకే చేతి క్రిందికి వచ్చును. కాని కలిసిన ఊరు తన పంచాయతిని పోగొట్టుకొనును. సర్పంచి వాకిట అడుగవలసిన మాటను నగర కార్యాలయమునకు పోయి అడుగవలసివచ్చును. అదిగాక గీతను ఎంత దూరము జరిపినను, గీతకు ఆవల మరియొక ఊరు ఉండనే యుండును.

పరిపాలన సౌలభ్యము కొరకు గీతలు చేరువగుటయు కలదు. 2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలుగ విభజింపబడినది. 2019లో ములుగు జిల్లా వేరుపడినది. 2021 ఆగస్టులో అర్బన్, రూరల్ అను పేర్లు పోయి హనుమకొండ, వరంగల్లు జిల్లాలు వచ్చినవి. జిల్లా కచేరి జనులకు దగ్గరయినది, మంచిదే. అయితే ఒకే నగరము రెండు జిల్లాల నడుమ నిలిచినది.

గీతలను లెక్కచేయనిది వరద. 2020 ఆగస్టు వానలకు హనుమకొండ, వరంగల్లులలో అనేక కాలనీలు నీట మునిగినవి. నయీంనగర్ నాలా, బొందివాగు అను పేర్లు పత్రికలలో మారుమ్రోగినవి. 2023 జూలై చివర మరల ఆపద వచ్చినది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామము వాగు పాలయినది. వరంగల్లులో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినది. అంతటి వానను ఎవరును ఆపలేరు, నిజమే. కాని నీరు పోవు దారిలో ఇండ్లు లేచినవన్నది మానవుల పని. ఒకచోట నాలాను వెడల్పు చేసి, దాని దిగువను ఇరుకుగ విడిచినచో ఆ పని వ్యర్థము. ముంపు చోటు మారును, ముంపు మారదు.

గాలి విషయము ఇంతకంటె సూక్ష్మము. నీరు పల్లమునకే పోవును; గాలికి ఎగువ దిగువలు పూటపూటకు మారును. నగరపు చెత్త మడికొండ చెంతనున్న రాంపూరునకు చేరుచు వచ్చినది. అట్టి కుప్ప అంటుకొన్ననాడు ఆ పొగ మొదట కమ్మునది ఆ చెత్తను పోసినవారి ఇండ్లను కాదు, కుప్ప ప్రక్కనున్నవారి ఇండ్లను. గాలి తిరిగినపుడు పోసినవారి వాకిటికిని వచ్చును.

ఈ విషయమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ చరిత్ర గుణపాఠము వంటిది. 1943లో ఆ నగరమును కన్నులు మండించు పొగ క్రమ్మినది. నగరము తన హద్దులలో కట్టడులు చేసి లాభము లేదని తెలిసికొనినది. కర్మాగారములు ప్రక్క పట్టణములలో నుండెను. 1947లో కౌంటీ అంతటికిని ఒకే అధికారసంస్థ ఏర్పడినది. పొగ కౌంటీతోను ఆగలేదు. తుదకు 1977లో నాలుగు కౌంటీలకు ఉమ్మడి సంస్థ నెలకొనినది. ముప్పది ఏండ్ల అనుభవము మీద వారు గాలి యొక్క పరిమాణమునకు తగిన పాలనను కనుగొనిరి. మన దేశమున కూడ ఢిల్లీ, దాని పొరుగు రాష్ట్రముల గాలి కొరకు 2021లో పార్లమెంటు ఒక ప్రత్యేక కమిషనుకు చట్టము చేసినది.

మన రాజ్యాంగము ఈ సంగతిని మరువలేదు. 1993లో అమలులోనికి వచ్చిన 74వ సవరణ ప్రతి జిల్లాకు ఒక ప్రణాళికా సంఘమును విధించినది. పంచాయతీలకు, పురపాలక సంఘములకు ఉమ్మడియైన విషయములను, ముఖ్యముగ నీటి పంపకమును, పరిసరముల రక్షణను ఆ సంఘము గమనింపవలెను. పది లక్షలకు పైబడిన జనాభా గల మహానగర ప్రాంతములకు, జిల్లాల హద్దులు దాటిన సంఘమును కూడ చెప్పినది. వరంగల్లు చిక్కు ఇచటనే యున్నది. 2011 జనాభా లెక్కలలో ఇది పది లక్షలకు చేరలేదు. జిల్లా సంఘము చూడవలెనన్న, నగరము రెండు జిల్లాలది. రెండు నిబంధనల నడుమ సందున మన గొలుసు చెరువులు పడినవి.

ఉమ్మడి సంస్థ ఏర్పడినంతనే న్యాయము జరుగునని కూడ తలపరాదు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదు రక్షణకు, దాహమునకు ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము కట్టబడినవి. వాని శుభ్రత కొరకు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువుతో 84 గ్రామములలో కట్టడములను, కర్మాగారములను నిరోధించినది. నగరము ఆ నీటిని త్రాగినది. భూమి విలువ పెరుగని బాధ గ్రామములది. అందుచేత ఆ గ్రామములవారు ఏండ్ల తరబడి ఆ ఉత్తరువును తొలగింపుమని కోరుచు వచ్చిరి. దశబంధము నాటి బుద్ధి ఇచట లోపించినదని మా అభిప్రాయము. దిగువవాని మేలుకొరకు ఎగువవాడు కష్టము మోసినచో, అతనికి పదవ వంతైనను ముట్టవలెను.

ఆశకు తావు లేదనరాదు. 2012 అక్టోబరులో వరంగల్లు నగరపాలక సంస్థ పారిశుద్ధ్యమున ఒక పోటీని నిర్వహించినది. నాటి ఉమ్మడి రాష్ట్రములోని ఇతర పట్టణముల సిబ్బంది జట్లుగ వచ్చి, వరంగల్లు వీధులలో ఇంటింటికి తిరిగి, తడిచెత్తను పొడిచెత్తను వేరుగ సేకరించుట అభ్యసించిరి. ఒక ఊరివారు మరియొక ఊరి వీధిని ఊడ్చిరి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ 46 వేలకు పైబడిన చెరువుల పూడిక తీయ సంకల్పించినది. ఆ మట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. పని కలిసినచోట మనసులు కలియుట కష్టము కాదు.

కావలసినది పెద్ద భవనము కాదు. ఒక వాగు వెంట నున్న పంచాయతీల, నగరపు డివిజన్ల ప్రతినిధులు, ఇరు జిల్లాల అధికారులు వానకాలమునకు ముందొకసారి, తరువాత ఒకసారి ఒకచోట కూర్చుండుట అలవాటు కావలెను. ఏ మత్తడి ఎంత ఎత్తు, ఏ నాలా ఎచట ఇరుకు, ఏ కుప్ప ఎవరి గాలిలో కాలుచున్నది, ఎవరు ఎవరికి ఏమి బాకీ అన్నది అందరి యెదుట వ్రాసి పెట్టుకొనవలెను. ఎగువనున్నవాడే ముందు మాటాడవలెను; అతని చేతిలోనే తూము ఉన్నది.

మీ ఇంటి వెనుక నాలా యుండినచో, అది ఏ చెరువు నుండి వచ్చుచున్నదో, ఏ చెరువునకు పోవుచున్నదో ఒక ఆదివారము మీ పిల్లలతో కూడ నడచి చూడుడు. ఎన్ని ఊళ్లు మీకు చుట్టములో అపుడు తెలియును.