ఆర్కిడ్ వేర్లకు ఊపిరాడని కాలం

వేర్లు కుళ్ళిన ఆర్కిడ్‌కు ఇంకాస్త నీళ్ళు పోయడం పాత పొరపాటే. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లండ్ తోటమాలులు ఉష్ణమండలపు ఆర్కిడ్లన్నిటికీ ఉక్కపోతే కావాలని నమ్మి, గాలి ఆడని వేడి గాజు ఇళ్ళలో ఉంచారు; చాలా మొక్కలు చచ్చాయి. చాలా రకాలవి కొమ్మల మీద గాలిలో వేలాడే వేర్లు. వాటి పైనున్న తెల్లటి పొర వాన నీటిని చప్పున పీల్చుకుని మళ్ళీ ఆరాలి. ఆరకపోతే గోధుమరంగుకు తిరుగుతుంది, వేలితో నొక్కితే తొక్క జారి లోపలి దారమే మిగులుతుంది.

ఓడ ప్రయాణమే వాటిని చంపిందనవచ్చు. అదీ కొంత నిజమే: 1850లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఖాసీ కొండల్లో ఏడుగురు మోసేంత నీలి వాండా ఆర్కిడ్లు సేకరిస్తే, ప్రాణంతో ఇంగ్లండ్ చేరినవి కొన్నే. కానీ ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్‌లో తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్‌ మొక్కలూ ఓడలోనే వచ్చాయి. ఆయన వేడి తగ్గించి గాలి ఆడనిచ్చాడు, అవి బతికాయి. కాబట్టి మీరూ కుళ్ళిన వేర్లు కోసేసి మొక్కను తేమగాలి తగిలే నీడలో ఉంచండి. కొత్త వేరు కనబడేదాకా కుండీని ముద్దగా తడపకండి.