పక్కింటి తోడు

మొన్నామధ్య నంద్యాలలో మా మేడమీద అద్దెకుండే ఇంజనీరింగు కుర్రాడు రెండేసి మెట్లు దూకుతూ దిగొచ్చాడు. చేతిలో కొత్త వైర్‌లెస్ సెట్టు. "ఆంటీ! ఈ బొత్తాం నొక్కిపట్టి ఆన్ చేస్తే ఇంకో మెనూ వస్తోంది. పుస్తకంలో ఎక్కడా రాయలేదు!" అన్నాడు. ఈమధ్యే పరీక్ష ప్యాసయి హామ్ లైసెన్సు తెచ్చుకున్నాడు లెండి. హాములంటే డబ్బుకి కాకుండా, సరదాకీ సేవకీ వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళు.

వాడి సంబరం చూస్తే నాకు ఆళ్ళగడ్డ అత్త గుర్తొచ్చింది.

1980లలో వేసవి సెలవులకి మేనమామ ఇంటికి వెళ్ళేవాళ్ళం. హాల్లో పెద్ద రేడియో మామ సొత్తు. మరొకరు ముట్టుకోకూడదు. అందులో 41 మీటర్ల పక్కన ఒకచోట బాతులు అరిచినట్టు గొంతులు వినిపించేవి. అవి హాముల మాటలని మామకి తెలుసు. ఆ మాటలేమిటో మాత్రం తెలిసేది కాదు. ఓ మధ్యాహ్నం అత్త ఆ పక్కనే కూచుని, తన చిన్న ట్రాన్సిస్టర్లో సిలోన్ పాటల కోసం ముల్లు తిప్పుతోంది. ఉన్నట్టుండి పెద్ద రేడియోలో బాతు మనిషైపోయింది! "కదపొద్దే!" అని మామ ఒక్క కేక. మద్రాసు ఆయనెవరో ఇంగ్లీషులో ఎండల గురించి చెబుతున్నాడు.

ఇందులో కిటుకేమిటంటే, శక్తి కలిసొస్తుందని హాములు మాటని మోసే తరంగాన్ని పంపేముందే తీసేస్తారు. వినే సెట్టు దాన్ని మళ్ళీ కలుపుకోవాలి. మన ఇళ్ళల్లో రేడియోలకి ఆ ఏర్పాటు లేదు. పాలున్నాయి, తోడు లేదన్నమాట. అయితే స్టేషను పట్టుకోవడానికి ప్రతి రేడియో లోపలా ఓ చిన్న తరంగం పుడుతుంది, కాస్త బయటికీ కారుతుంది. చాలా సెట్లలో అది ముల్లున్న చోటికి 455 కిలోసైకిళ్ళు పైన ఉంటుంది. అత్త ముల్లు సరిగ్గా ఆ మేరకి కింద ఆగేసరికి పెద్ద రేడియోకి పక్కింటి తోడు దొరికింది!

ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివారికీ మామ "నేను కనిపెట్టా" నంటూ చూపించేవాడు. అత్త కాఫీలు అందించేది.

అన్నట్టు, ఆ బాతుగొంతుల వెనక పెద్ద చరిత్రే ఉంది. మనదేశంలో హాముల కథ 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తుతో మొదలైంది. 1939లో యుద్ధం రాగానే ట్రాన్స్‌మిటర్లు పోలీసులకి అప్పగించమని దొరలు ఉత్తర్వులిచ్చారు. ఆటవస్తువులో ఏం దాగుందో వాళ్ళకి బాగానే తెలుసన్నమాట! అయినా 1942 ఆగస్టు 27న బొంబాయిలో రహస్య కాంగ్రెస్ రేడియో పలికింది, 42.34 మీటర్ల మీద. లెక్క వేసి చూడండి, అది హాముల తావే. నడిపించినవాళ్ళలో ముఖ్యురాలు ఉషా మెహతా, ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇళ్ళు మారుస్తూ నవంబరు 12 దాకా నడిపి పట్టుబడింది. నాలుగేళ్ళు జైలుశిక్ష వేశారు.

1983లో హైదరాబాదులో హాముల జాతీయ సంస్థ వెలిసింది. దాని తరఫున భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో అండమాన్ దీవులకి వెళ్ళారు, దేశదేశాల హాముల్ని పలకరించే సరదాతో. 26న సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయాయి. పోర్ట్‌బ్లెయిర్‌నించి ఆవిడ సెట్టే కబుర్లు మోసింది. ఎంతమంది తల్లులు ఆ కబురు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని కూచున్నారో!

ఏ సెట్టులోనూ కొత్తగా ఏదీ వచ్చి చేరలేదు. అవసరం వచ్చి తలుపు తట్టింది, ఓ ఆడచెయ్యి తలుపు తీసింది. అంతే. మా ఇంట్లో తీసిన చేతికి మాత్రం పేరు రాలేదు.

ఆ బాకీ తీరుద్దామని పోయినవారం ఆళ్ళగడ్డ బస్సెక్కాను. మామ లేడు. పెద్ద రేడియో అటకెక్కింది. అత్తకి కథంతా చెప్పి, "కనిపెట్టింది నువ్వే అత్తా, మామ కాదు" అన్నాను.

దీపారాధనకి వత్తులు చేసుకుంటున్న అత్త తల ఎత్తలేదు.

"అదంతా సరేగానీ పాపా, ఆ పొద్దు నా పాట పాయె గదా!" అంది.