విశాఖపట్నం పెట్టె, లండన్ చీటీ

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పేరు మీరు వినే ఉంటారు. పిల్లల స్కూలు ట్రిప్పుల పుణ్యమా అని చాలామంది చూసే ఉంటారు కూడా. ఆ మ్యూజియం వారి దగ్గర ‘వైజాగపటం’ అని చీటీ రాసిన పెట్టెలూ, సొరుగుల బీరువాలూ కొన్ని ఉన్నాయి. వైజాగపటం అంటే మరేదో కాదండీ, మన విశాఖపట్నమే. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి అలా అయింది. నగలు, దువ్వెనలు, పౌడరు, ఉత్తరాలు, సూదీదారం లాంటి సొంత వస్తువులు దాచుకోవడానికి కొలతలిచ్చి చేయించుకున్న చెక్క సామాను అది. ఇవాళ ఆ పెట్టెల గురించే చెబుతాను.

ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో కోఠీ పెట్టింది పదిహేడో శతాబ్దంలో. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు. వీళ్ళంతా వచ్చింది బట్టల కోసం. అయితే వచ్చినవాళ్ళకి కూర్చోవడానికి కుర్చీ కావాలి, రాసుకోవడానికి బల్ల కావాలి, రాసినవి తాళం వేసి దాచుకోవడానికి సొరుగు కావాలి. మన ఇళ్ళల్లో అప్పటికి పీట, మంచం, భోషాణం ఉంటే సంసారం గడిచిపోయేది. చిన్న చిన్న సొరుగులు, మధ్యలో అద్దం, పైన తలుపులు ఉన్న బీరువా మనది కాదు. దొరలు తమ దేశపు నమూనా చూపించి, ఇలాంటిది చేసి పెట్టమని అడిగారు. మనవాళ్ళు చేసి పెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. ఈ కథ చదువుతుంటే నవ్వొచ్చింది. క్లయింటు లండన్‌లో, స్పెసిఫికేషన్ లండన్‌ది, పని విశాఖపట్నంలో! ఆఫ్‌షోర్ అనే మాట పుట్టకముందే మనవాళ్ళు ఆ పని మొదలెట్టేశారన్నమాట. తేడా ఏమిటంటే, మనం పంపే కోడ్ ఐదేళ్ళకి పాతబడుతుంది. వాళ్ళు పంపిన బీరువా మూడు వందల ఏళ్ళకి కూడా నిలబడి ఉంది.

ఎలా నిలబడిందో చెప్పుకోవాలి. సముద్రపు గాలికి చెక్క ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. జంతువుల ఎముకలు, తోళ్ళు కాచి తీసిన జిగురు ఆ తేమకి మెత్తబడిపోతుంది. చెదల సంగతి సరేసరి. అందుకే టేకు, రోజ్‌వుడ్ వాడారు. రోజ్‌వుడ్‌నే మనవైపు ఇరుగుడు చేవ అంటారు. మొదటి రోజుల్లో చేసిన పని ఇలా ఉండేది: నల్లని చెక్కలో ఉలితో పువ్వు ఆకారంలో పల్లం తవ్వడం, అదే ఆకారంలో కోసిన ఏనుగు దంతపు ముక్కని అందులో కూర్చడం, ఆ ముక్క మీద సన్నని గీతలు చెక్కి వాటిలో నల్లని లక్క నింపడం. తెల్లటి రేక మీద నల్లటి ఈనె అలా తేలుతుంది. 1700ల మధ్యకొచ్చేసరికి దంతాన్ని పలకలుగా కోసి పెట్టె అంతా కప్పెయ్యడం మొదలైంది. ఒక్క జిగురుని నమ్ముకోకుండా సన్నని మేకులు కూడా కొట్టేవారు. ఈ దంతం చాలావరకు బంగాళాఖాతం అవతల, బర్మాలోని పెగూ నుంచి ఓడల్లో వచ్చేది.

ఆ పూలతీగల్ని జాగ్రత్తగా చూస్తే మన అద్దకం బట్టల అంచులు గుర్తొస్తాయి. నిపుణులు కూడా ఈ పోలిక చెబుతారు. జాన్ కోర్నెయిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1756లో విశాఖపట్నం గురించి రాస్తూ, ఇక్కడి అద్దకాల రంగుల్నీ, ఈ పొదుగుడు పనినీ పక్కపక్కనే మెచ్చుకున్నాడు. నమూనా దొరలదే కావచ్చు. దాని మీద పాకిన తీగ మాత్రం మన చీరంచు మీంచి వచ్చింది. తర్వాత తర్వాత ఇంగ్లండులోని భవనాల బొమ్మల్ని కూడా అచ్చు పటాలు చూసి దంతం మీద చెక్కారు. జన్మలో చూడని ఊళ్ళు, చూడని చెట్లు. మధ్యలో ఎక్కడైనా ఒక కొబ్బరిచెట్టు దూరిపోయిందేమోనని నేను ఫొటోల్లో వెతుకుతుంటాను!

1781లో మూడో జార్జి రాజుగారు తన రాణి షార్లెట్ కోసం దంతపు పలకలు తాపడం చేసిన కుర్చీలు వేలంలో కొన్నారు. అవి అంతకుముందు మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ గారివి. అవీ విశాఖపట్నం పనితనమే. చూశారా, కొన్నదెవరో తెలుసు, అమ్మిందెవరి సామానో తెలుసు, ఏ సంవత్సరమో తెలుసు. చేసిందెవరు? తెలియదు.

నాకు పట్టుకున్న విషయం ఇదే. బ్రిటిష్ ఇండియా సామాను మీద అమీన్ జాఫర్ గారి పుస్తకం 2001లో వచ్చింది. ఇలాంటి రచనల్లో ఈ పనివాళ్ళని ‘కంసాలి’ అని రాస్తారు. అది కులం పేరు, మనిషి పేరు కాదు. మనకైతే కంసాలి అనగానే బంగారం పనే గుర్తొస్తుంది, చెక్క పనికి వడ్రంగి అంటాం. రెండూ విశ్వకర్మల ఐదు వృత్తుల్లోవే. దంతం మీద వెంట్రుకవాసి గీత గీయాలంటే కంసాలి చెయ్యి, ఆ పెట్టె వంకర పోకుండా నిలవాలంటే వడ్రంగి చెయ్యి కావాలి. రెండు చేతులూ కలిశాయని నా ఊహ. ఊహే సుమండీ, రుజువు చూపించమంటే నా దగ్గర లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద బీరువాలు తగ్గి చిన్న పెట్టెలు పెరిగాయి. లోపల గంధపు చెక్క, పైన జాలీలా కోసిన దంతం, దున్నకొమ్ము, తాబేటి చిప్ప. తెరవగానే వాసన గుప్పుమనేది. దొరసానులకి కానుకలుగా, ఓడెక్కేవాళ్ళకి గుర్తులుగా అమ్ముడుపోయేవి. పాత పనితనం ముందు ఇవి కాస్త ఆర్భాటంగా ఉంటాయని నా అభిప్రాయం. మా ఆవిడకి మాత్రం ఇవే నచ్చాయి.

ఇప్పుడు అలాంటి పెట్టె చేయడం ఎవరి తరమూ కాదు. చట్టం ఒప్పుకోదు. మన దేశంలో దేశవాళీ దంతం వ్యాపారం 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారం 1991లో ఆగిపోయాయి. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్‌లో అమలుకొచ్చింది. పాత వస్తువైనా మినహాయింపు ఉంటే తప్ప కొనడం, అమ్మడం కుదరదు. అందుకని ఎవరైనా ‘మన విశాఖ పెట్టె చవగ్గా వస్తోంది’ అంటే తొందరపడకండి. 2017 నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తం అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చింది. గంధపు చెక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏనుగులు బతకాలంటే ఇది సరైనదే. ఆ పెట్టెల అందం చూసి మురిసేటప్పుడు, ఒక్కొక్క పెట్టె వెనక ఎన్ని ఏనుగులో కూడా లెక్కేసుకోవాలి.

అయినా ఆశ చావదు కదా. మా ఇంట్లో గాజులు, జడగంటలు, కాసులపేరు, నాన్నగారి హెచ్ఎంటీ వాచీ అన్నీ బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. వాటికోసం గరాజ్‌లో ఒక చిన్న అలమర చేశాను. ముందు వస్తువుల్ని కొలిచాను, తర్వాతే సొరుగుల్ని. వడ్డాణం చుట్ట విప్పకుండా పడుకోవాలి, గాజులు నిలబడాలి, గొలుసులు చిక్కుపడకుండా వేలాడాలి. పైపెట్టె ఓక్ చెక్క. ఓక్‌లోంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, అది కొన్ని లోహాలకి పడదు. అందుకని సొరుగులు సికమోర్‌తో చేశాను. వెండి ఉన్నచోట ఉన్ని గుడ్డ పరచకూడదు, దానిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మా అత్తగారి పాత వెంకటగిరి చీర ముక్క పరిచాం. దంతం బదులు హాలీ చెక్క వాడాను. క్రిస్మస్‌కి గుమ్మాలకి కట్టే ముళ్ళ ఆకుల చెట్టే అది, దాని చెక్క తెల్లగా ఉంటుంది. గీతల్లో నింపింది మాత్రం లక్కే. ఇక్కడివాళ్ళు ఫ్రెంచ్ పాలిష్ అని గొప్పగా చెప్పుకునేది కూడా మన చెట్ల మీది పురుగులు పెట్టిన లక్కని స్పిరిట్‌లో కరిగించిందే.

చెక్కకి చిత్రిక పడుతుంటే, మా ఊళ్ళో అత్తయ్య పెళ్ళికి ముందు వసారాలో రెండు నెలలు పనిచేసిన వడ్రంగి గుర్తొచ్చాడు. మేమంతా వడ్రంగి తాత అనేవాళ్ళం. ఆయన చేసిన టేకు బీరువా ఇప్పటికీ అత్తయ్య ఇంట్లో ఉంది. తలుపు ఒక్క ఇసుమంత కూడా దిగలేదు. దాన్ని చేయించింది తాతయ్య, ఖర్చెంతో నానమ్మకి గుర్తు, కలప ఏ అడితిలో కొన్నారో బాబాయికి గుర్తు. చేసినాయన పేరేమిటని అడిగితే అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మ్యూజియం చీటీ మన ఇంటిదాకా వచ్చేసిందనిపించింది.

చివరికి అమ్మ ఫోన్లో చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆయన పిల్లల్ని అడగకుండా రేడియోలో చెప్పడం బాగుండదు. కింది సొరుగు బయటికి లాగి, అడుగు చెక్క మీద ఆయన పేరు, ఊరు పెన్సిల్‌తో రాశాను. దాని కింద నా పేరు, సంవత్సరం రాశాను. పైన లక్క పూత వేశాం కాబట్టి చెరిగిపోదు.